నిషేధిత ప్రాంతం

చార్మినార్ పక్క గల్లీలో తాతలనాటి ఇల్లున్నా, దానిపై కొత్తగా అంతస్తు వేయాలంటే కుదరదు. కారణం 'నిషేధిత ప్రాంతం' అనే ఈ పదమే. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించి, కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి కనీసం 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణాన్ని నిషేధించారు. ఆపైన మరో 200 మీటర్లు 'నియంత్రిత ప్రాంతం'. అక్కడ అనుమతి ఉంటే కట్టుకోవచ్చు.

నిషేధిత ప్రాంతంలోనూ 1992 జూన్ 16కు ముందునుంచీ ఉన్న ఇంటికి మరమ్మతులు చేసుకోవచ్చు, కానీ జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ సిఫారసుపై అనుమతి రావాలి. కారే పైకప్పుకీ కాగితం కావాలా అని ఇంటివాళ్లు విసుక్కోవడం సహజమే. ఆ అనుమతి త్వరగా ఇవ్వడం ప్రభుత్వ బాధ్యతని నా అభిప్రాయం.

రక్షిత కట్టడమే సొంతమైతే? యాజమాన్యం పోదు. ప్రభుత్వం యజమానితో నిర్వహణ ఒప్పందం చేసుకోవచ్చు. అయితే దాన్ని పడగొట్టినా, రూపు మార్చినా యజమానికైనా సరే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.