వార్తల్లో పదం: రీ-రూట్‌కెనాల్

ఇటీవల ఆరోగ్య వార్తలలో కనబడుచున్న ‘రీ-రూట్‌కెనాల్’ అనగా, ఒకసారి రూట్‌కెనాల్ చేయించుకొన్న పంటికి మరల వ్యాధి సోకినప్పుడు, చిగురును కోయకుండ, పంటి పైభాగమునుండియే లోనికి ప్రవేశించి, పాత పూరకమును తొలగించి, వేరు నాళములను శుభ్రపరచి తిరిగి మూయుట.

మొదటి చికిత్స విఫలమగుటకు వైద్యుని అజాగ్రత్తయే కారణమనుకొనుట తొందరపాటు. పై దవడలోని మొదటి పెద్ద దంతమునకు బుగ్గవైపున నున్న ముందు వేరులో రెండవ నాళమొకటి తరచుగా దాగియుండును. వెండ్రుకవలె సన్నని ఆ మార్గము కంటికి చిక్కనిచో సూక్ష్మజీవులకు అదియే స్థావరమగును. తొడుగు వేయించుకొనుటలో జాప్యము జరిగినను, వేసిన తొడుగు వదులై లాలాజలము లోనికి ఊరినను ఫలితమదియే. నమలునప్పుడు నొప్పి, చిగురుపై చీముపొక్కు, ఎక్స్‌రేలో వేరుకొనకడ నల్లని నీడ ఇట్లు మరల సోకిన వ్యాధి లక్షణములు. ఒక్కొక్కప్పుడు నొప్పియే యుండదు, అదే మోసము.

వైద్యుడు తొడుగు విప్పి, మలయా ప్రాంతపు చెట్లపాలనుండి తీయు గట్టాపెర్చా పూరకమును ‘ఫైళ్లు’ అను సన్నని పనిముట్లతో తోడివేసి, సోడియం హైపోక్లోరైట్ ద్రావణముతో నాళములను కడిగి, అవసరమైనచో కొన్నాళ్లు కాల్షియం హైడ్రాక్సైడ్ మందునుంచి, పిమ్మట మూయును. ఎముక మానుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. నాళము పూడుకొనిపోయి దారి దొరకనిచో శస్త్రచికిత్స నాలోచింతురు. వేరు నిలువున చీలినచో సాధారణముగా పన్ను తీయవలసినదే.

ఇట్టి దంతచికిత్సకై జగ్గయ్యపేట, నందిగామ వాసులకు 65వ జాతీయ రహదారి మీదుగా విజయవాడ ప్రభుత్వ దంతవైద్య కళాశాల అందుబాటులో కలదు. అచ్చటికిగాని మరెచ్చటికిగాని పోవునప్పుడు పాత ఎక్స్‌రేలను వెంట నుంచుకొనుడు.