వేసవి కూరగాయల ధారణ సంక్రాంతి నారుమడిలోనే

దాచేపల్లి: సంక్రాంతి నాటికి పల్నాటి వర్తకుల దృష్టి అంతా మిరప మీదనే వుంటుంది. కోతలు సాగుతూ, కళ్లాల్లో కాయ ఆరుతూ, గుంటూరు యార్డుకు టిక్కీలు కదిలే రోజులవి. సరిగ్గా ఆ రోజుల్లోనే సాగర్ కుడి కాలువ కింద, బోరుబావుల కింద సెంటు, రెండు సెంట్ల మళ్లలో మరొక సరుకుకు అంకురార్పణ జరుగుతుంది. టమాటా, వంగ నారు పోస్తారు. బెండ, కీర, సొర, బీర విత్తనాలు సిద్ధం చేసుకుంటారు. విలువలో ఇది మిరపతో తూగేది కాదు. కాని ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రాంతపు కూరగాయల ధారణ ఎటు మొగ్గేదీ చాలావరకు ఈ చిన్న మళ్లలోనే తేలిపోతుంది.

ఆరు వారాల గడువు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. పల్నాడులో అటు తరువాత ఎండ ముదరడానికి ఎంతో కాలం పట్టదు. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలకు పేరుపడిన రెంటచింతల ఇక్కడికి దగ్గరలోనే వున్నది. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి చెడి పూత రాలిపోతుంది. అందువల్ల కాయ పట్టేది ఎండ ముదిరే లోగానే.

లెక్క సులువైనదే. జనవరి మొదటి వారంలో పోసిన టమాటా నారు 25 నుంచి 30 రోజుల్లో నాటుకు వస్తుంది. నాటిన రెండు నెలలకు, అనగా ఏప్రిల్ మొదట్లో, తొలి కోత సంతకు చేరుతుంది. అదే నారు ఫిబ్రవరి నడుమ పోస్తే పూత ఏప్రిల్ ఎండల్లో పడుతుంది. చెట్టు పచ్చగానే వుంటుంది, గంపలోకి మాత్రం కాయ రాదు. వంగ నారుకు మరొక వారం అదనంగా కావాలి. బెండను జనవరి రెండవ పక్షం నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు నేరుగా విత్తుకోవచ్చు. కీర, సొర వంటి తీగ జాతులు కొంత చల్లదనం వుండగా మొలిస్తే ఆడపూలు ఎక్కువ పడతాయి. ఎండలో మొలిచిన తీగకు మగపూలే హెచ్చు.

మొలక శాతమే అసలు ధర

రైతు ముందుగా చూసేది ప్యాకెట్ ధర. కాని లాభనష్టాలను తేల్చేది మొలక శాతం. 1966 నాటి విత్తనాల చట్టం కింద నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం టమాటా, వంగలకు కనీసం 70, బెండకు 65, మిరపకు, కీర, సొరలకు 60 శాతం మొలక వుండాలి. ధ్రువీకరించిన విత్తనానికి నీలి రంగు చీటీ వుంటుంది. పరీక్ష జరిపిన తేదీ నుంచి 9 నెలలు దాని గడువు. ఆ తరువాత తిరిగి పరీక్షించవలసిందే.

70 శాతం మొలవవలసిన విత్తనం 50 శాతమే మొలిస్తే, అదే నారుకు 40 శాతం అదనపు విత్తనం కావాలి. ఆ డబ్బు కూడా పెద్ద నష్టం కాదు. మడి పలచబడిన సంగతి పది రోజులకు గాని బయటపడదు. మళ్లీ విత్తనం తెచ్చి పోసేసరికి రెండు వారాలు జారిపోతాయి. ఆరు వారాల గడువులో రెండు వారాలు పోతే ఆ పంట సగం పోయినట్టే. నూరు గింజలు లెక్కపెట్టి, తడిగుడ్డలో చుట్టి, వారం పది రోజులు తడి ఆరకుండా వుంచి మొలకలు లెక్కించడం పాత పద్ధతే. సంక్రాంతికి ముందే ఆ పని చేసుకున్న కొట్టుకు ఫిబ్రవరిలో తగాదాలు వుండవు.

మిరప చేను పక్కన నారు

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి వున్నది. జనవరి, ఫిబ్రవరి మాసాల్లో ముదిరిన మిరప చేలు తామర పురుగులకు, తెల్లదోమకు ఆశ్రయాలు. 2021–22లో నల్ల తామర పురుగు గుంటూరు ప్రాంతపు మిరపను ఎంతగా దెబ్బతీసిందో యార్డు వర్తకులు మరచిపోలేదు. అటువంటి చేను గట్టున టమాటా నారు పోస్తే తెల్లదోమ ద్వారా ఆకుముడత తెగులు మడిలోనే అంటుకుంటుంది. నాటిన తరువాత ఎన్ని మందులు చల్లినా ఆ మొక్క కోలుకోదు. దూరంగా ఎత్తు మడి కట్టి, పైన సన్నకన్ను నైలాన్ వల కప్పడమే మార్గం. మిరప కోతలకు కూలీలు తరలిపోయే రోజుల్లో నారుమడిని కనిపెట్టి చూసేవారు కరువవుతారు. అశ్రద్ధ జరిగేది కూడా అప్పుడే.

వర్తకులు గమనించవలసినవి

1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు విత్తన వర్తకులకు లైసెన్సును, నిలవల–ధరల పట్టికను, కొన్నవారికి బిల్లును తప్పనిసరి చేసింది. బిల్లుపై లాటు నంబరు వేయడం రైతుకు ఎంత రక్షణో వర్తకునికీ అంతే. విత్తనం అరువుకిచ్చి, కాపు మీద బాకీ రాబట్టుకునే వర్తకునికి మొలవని గింజ రెండు విధాల నష్టం.

కూరగాయల కమీషన్ వర్తకులకు సూచన వేరు. పల్నాడు టమాటా ఎండకు తగ్గిన తరువాత సరుకు కోసం చల్లని మెరక ప్రాంతమైన మదనపల్లె వైపు చూడవలసి వస్తుంది. అక్కడా రాబడి సన్నగిల్లితే ధర పట్టపగ్గాలు లేకుండా పోతుంది. 2023 జులైలో దేశంలోని అనేక నగరాల్లో టమాటా కిలో 100 రూపాయలు దాటింది.

కాబట్టి మే నెల ధారణను అంచనా కట్టదలచిన వర్తకుడు ఏప్రిల్ దాకా ఆగనక్కరలేదు. జనవరి ఆఖరున పల్లెలు తిరిగి నారు ఒత్తుగా వున్నదా, పలచగా వున్నదా, మిరప చేను గట్టున వున్నదా, బోరులో నీరు వున్నదా అని చూసుకుంటే సగం లెక్క తేలిపోతుంది. మిగిలిన సగం ఎండ చేతిలో వున్నది.