రివర్స్ డీఎన్ఎస్: ఇంటి సర్వర్ నుంచి పంపే మెయిల్స్ స్పామ్‌లో ఎందుకు పడతాయి? ఇంటర్నెట్ కంపెనీని ఏమని అడగాలి?

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాల మీద ఆధారపడి బతుకుతున్న పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి కుటుంబంలోని ఓ చీరల వ్యాపారి సొంత డొమైన్ కొని, ఇంట్లోని పాత కంప్యూటర్‌ను మెయిల్ సర్వర్‌గా మార్చుకున్నారని అనుకుందాం. వరంగల్‌లోని దుకాణానికి బిల్లు పంపితే అది స్పామ్‌లో పడుతోంది, లేదా తిరిగి వచ్చేస్తోంది. సాఫ్ట్‌వేర్‌లో లోపమేమీ లేదు. అలాంటప్పుడు ముందుగా చూడాల్సింది రివర్స్ డీఎన్ఎస్.

అసలేంటిది?

పేరు ఇస్తే ఐపీ అడ్రస్ చెప్పేది డీఎన్ఎస్. ఐపీ అడ్రస్ ఇస్తే పేరు చెప్పేది రివర్స్ డీఎన్ఎస్. ఆ పేరు ఉండే రికార్డును పీటీఆర్ అంటారు.

జీమెయిల్ ఖాతాలకు మెయిల్ పంపే సర్వర్లన్నింటికీ సరైన పీటీఆర్ ఉండాలని 2024 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన గూగుల్ నిబంధనలు చెబుతున్నాయి. పీటీఆర్‌లో ఉన్న పేరును వెతికితే మళ్లీ అదే ఐపీ రావాలి. వైరస్ సోకిన ఇంటి కంప్యూటర్ల నుంచి స్పామ్ పెద్ద ఎత్తున వస్తుంది కాబట్టి ఈ జాగ్రత్త.

డొమైన్ అమ్మిన సంస్థ ఎందుకు చేయలేదు?

డొమైన్ మీదే. కానీ ఐపీ అడ్రస్ మీది కాదు, ఇంటర్నెట్ కంపెనీది. ఆసియా పసిఫిక్‌లో ఈ అడ్రస్‌లు కేటాయించేది ఏపీనిక్. భారత్‌లో ఆ పని చూసేది నిక్సీ ఆధ్వర్యంలోని ఐరిన్. అడ్రస్‌లు ఎవరి పేరిట ఉంటే, పీటీఆర్ రాసే అధికారం కూడా వారిదే. అద్దె ఇంటి గుమ్మానికి పేరు బోర్డు పెట్టాలంటే యజమాని ఒప్పుకోవాలి కదా, ఇదీ అంతే.

ఏం చేయాలి?

ముందు రూటర్‌లో వ్యాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, ఒకే పబ్లిక్ ఐపీని మీరు చాలామందితో పంచుకుంటున్నట్టే. అప్పుడు పీటీఆర్ కుదరదు. అదనపు రుసుము కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి.

తర్వాత డొమైన్ సెట్టింగ్స్‌లో మెయిల్ సర్వర్ పేరును ఆ ఐపీకి కలపండి. ఆపైన కంపెనీకి రాతపూర్వకంగా అడగండి: "ఫలానా స్టాటిక్ ఐపీకి ఫలానా పేరుతో పీటీఆర్ రికార్డు పెట్టండి. బయటకు వెళ్లే పోర్ట్ 25 తెరిచి ఉందో లేదో చెప్పండి."

కేబుల్ ఆపరేటర్ ద్వారా కనెక్షన్ తీసుకున్నవారు, అభ్యర్థనను పైకంపెనీ నెట్‌వర్క్ విభాగానికి పంపమనాలి. కస్టమర్ కేర్‌లో "డీఎన్ఎస్" అనగానే రూటర్ సెట్టింగ్స్ మార్చమని చెప్పొచ్చు. అందుకే "పీటీఆర్ రికార్డు" అనే మాటే వాడండి.

మార్పు కనిపించడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. కంప్యూటర్‌లో ఎన్ఎస్‌లుక్అప్ కమాండ్‌కు ఐపీ ఇస్తే మీ పేరు రావాలి. సర్వర్ ఐపీవీ6 ద్వారా కూడా మెయిల్ పంపుతుంటే దానికీ విడిగా పీటీఆర్ కావాలి.

కంపెనీ ఒప్పుకోకపోతే?

మెయిల్స్ ఇంట్లోనే ఉంచుకుని, బయటకు వెళ్లేవాటిని మాత్రం రిలే సర్వీస్ ద్వారా పంపొచ్చు. లేదా కంట్రోల్ ప్యానెల్‌లోనే పీటీఆర్ మార్చుకునే వీలున్న క్లౌడ్ సర్వర్‌ను అద్దెకు తీసుకోవచ్చు.

పీటీఆర్ ఉన్నంత మాత్రాన మెయిల్ ఇన్‌బాక్స్‌కు చేరుతుందన్న హామీ లేదు. ఎస్‌పీఎఫ్, డీకిమ్ కూడా ఉండాలి. కానీ వాటిని మీ డొమైన్‌లో మీరే పెట్టుకోవచ్చు. పీటీఆర్ మాత్రం కంపెనీ చేతిలోనే ఉంటుంది. అందుకే స్టాటిక్ ఐపీకి డబ్బు కట్టే ముందే, పీటీఆర్ పెడతారో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది.