కట్టకముందే కూల్చి చూస్తారు!

వంతెనకు పునాది తవ్వకముందే దాని మీద తుపాను గాలి వీస్తుంది. విమానం తయారు కాకముందే దాని రెక్క విరుగుతుంది. అంతా కంప్యూటర్లోనే! గాలి, వేడి, కరెంటు, బరువు... అన్నిటి ప్రభావాన్నీ కలిపి లెక్కకట్టే ఈ విద్యనే ఇంజినీర్లు సిమ్యులేషన్‌ అంటారు. ఇంతకీ ఆ లెక్కలు ఎలా వేస్తారు? వాటిని ఎంతవరకు నమ్మొచ్చు?

1991 ఆగస్టు 23. నార్వేలోని స్టావాంగర్‌ నగరానికి దగ్గర్లో ఓ సముద్రపు పాయ. దాని మధ్యలో ఓ భారీ కాంక్రీటు కట్టడం. పేరు స్లైప్‌నర్‌-ఎ. ఉత్తర సముద్రంలో 82 మీటర్ల లోతున నిలబడి, చమురు, సహజవాయువు వెలికితీసే 57 వేల టన్నుల వేదికను మోయాల్సిన పునాది అది. ఆ వేదికను పైన అమర్చేముందు, పునాదిని కొంచెం కొంచెంగా నీళ్లలోకి దించి చూస్తున్నారు సిబ్బంది. నీటిమట్టం 65 మీటర్లకు చేరిందో లేదో... ఎక్కడో లోపల్నుంచి పెద్ద శబ్దం. గోడ పగిలి నీళ్లు లోపలికి దూసుకొచ్చాయి. పంపులు పెట్టి తోడినా ఫలితం లేదు. అందులో ఉన్నవాళ్లంతా ఎలాగోలా ప్రాణాలతో బయటపడ్డారు. కాసేపటికే కట్టడం మొత్తం మునిగిపోయింది. అది అడుగుకు తాకిన అదురుకి రిక్టర్‌ స్కేలు మీద 3 తీవ్రతతో భూకంపం నమోదైంది. నష్టం దాదాపు 70 కోట్ల డాలర్లు!

విచారణలో తేలిందేమిటంటే... కాంక్రీటు మంచిదే. కూలీలూ సరిగ్గానే పనిచేశారు. లోపం ఉన్నది కంప్యూటర్‌తో వేసిన లెక్కలో!

ముగ్గులో చుక్కల్లా...

ఆ లోపం అర్థం కావాలంటే సిమ్యులేషన్‌ ఎలా చేస్తారో తెలియాలి. సంక్రాంతి ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెడతారు కదా, ఇదీ అంతే. వంతెన కావచ్చు, ఇంజిన్‌ కావచ్చు... కంప్యూటర్‌లో దాని బొమ్మ గీసి, వేల, లక్షల చిన్న ముక్కలుగా విడగొడతారు. మొత్తం వస్తువు మీద పడే ఒత్తిడిని ఒక్కసారిగా లెక్కకట్టడం ఎవరి తరమూ కాదు. కానీ ఒక చిన్న ముక్కకైతే సులువు. పక్కపక్క ముక్కల్ని చుక్కల దగ్గర కలుపుకొంటూ పోతే మొత్తం వస్తువు సంగతి తెలుస్తుంది. 1950ల్లో విమానాల రెక్కల బలాన్ని అంచనా వేయడం కోసం ఇంజినీర్లు ఈ దారి పట్టారు. 1960లో రే క్లఫ్‌ అనే అమెరికన్‌ ప్రొఫెసర్‌ దీనికి ‘ఫైనైట్‌ ఎలిమెంట్‌ మెథడ్‌’ అని పేరు పెట్టారు. ఆ దశాబ్దంలోనే నాసా ‘నాస్ట్రాన్‌’ ప్రోగ్రాం తయారుచేయించింది. 1970లో జాన్‌ స్వాన్సన్‌ అనే ఇంజినీరు సొంత సంస్థ పెట్టి ‘ఆన్సిస్‌’కు ప్రాణం పోశారు.

చుక్కలు ఎంత దగ్గరగా ఉంటే ముగ్గు అంత నాజూగ్గా వస్తుంది. కానీ పనీ పెరుగుతుంది. ముక్క సైజును పొడవు, వెడల్పు, ఎత్తుల్లో సగానికి తగ్గిస్తే ముక్కల సంఖ్య 8 రెట్లవుతుంది. అందుకే ఒత్తిడి ఎక్కువగా ఉండేచోట చిన్న ముక్కలు, మిగతా చోట్ల పెద్దవి వాడతారు. స్లైప్‌నర్‌ విషయంలో సరిగ్గా ఇక్కడే పొరపాటు జరిగింది. గోడలు కలిసే మూలల దగ్గర ముక్కలు మరీ పెద్దవిగా, వంకర టింకరగా ఉండిపోయాయి. దాంతో అక్కడ గోడను కోసేలా పనిచేసే ఒత్తిడిని నాస్ట్రాన్‌ లెక్క 47 శాతం తక్కువగా చూపించింది. ఆ అంకెను నమ్మి గోడలు పలచగా కట్టారు. లోపలి ఇనుప చువ్వల అమరికా చాల్లేదు. ప్రమాదం తర్వాత అదే డిజైన్‌ని జాగ్రత్తగా లెక్కగడితే 62 మీటర్ల దగ్గర పగులుతుందని తేలింది. నిజంగా పగిలింది 65 దగ్గర!

ఒకదానికొకటి ముడి

స్లైప్‌నర్‌లో చూడాల్సింది ప్రధానంగా నీటి ఒత్తిడి, గోడ బలం. మరి అన్నీ కలగలిసిపోతే? మన వీధి చివర ఉండే ట్రాన్స్‌ఫార్మర్‌నే చూడండి. తీగచుట్టలో కరెంటు పారితే వేడి పుడుతుంది. వేడెక్కిన తీగకు నిరోధం పెరుగుతుంది. అప్పుడు అదే కరెంటుకి ఇంకాస్త వేడి. ఆ వేడికి నూనె పైకి లేచి, పక్కనున్న రెక్కల్లో చల్లబడి కిందికి దిగుతుంది. అయస్కాంత శక్తికి లోపలి ఉక్కు రేకులు సెకనుకు 100 సార్లు సాగి ముడుచుకుంటాయి. మనకు వినిపించే ‘గుయ్‌’ మనే రొద అదే. అంటే ఒకే పెట్టెలో కరెంటు, అయస్కాంతం, వేడి, ద్రవం, లోహం... ఐదింటికీ ముడిపడిన లెక్క. ఇలాంటిదాన్నే మల్టీఫిజిక్స్‌ అంటారు.

ఏ ఒక్కదాన్ని విడిగా చూసి వదిలేసినా ఏమవుతుందో 1940లోనే తెలిసొచ్చింది. అమెరికాలోని టకోమా వంతెనను ఆ ఏడాది జులై 1న ప్రారంభించారు. నవంబరు 7న కూలిపోయింది. ఆరోజు వీచిందేమీ పెనుతుపాను కాదు, గంటకు 65 కిలోమీటర్ల గాలి. గాలికి వంతెన మెలి తిరిగింది. మెలి తిరిగిన వంతెన చుట్టూ గాలి పోకడ మారింది. మారిన గాలి వంతెనను ఇంకా మెలితిప్పింది. గాలి తోపుని ఒక స్థిరమైన బరువులా చూసిన అప్పటి లెక్కలకు ఈ రెండింటి జుగల్‌బందీ అందలేదు.

ఒకరి మాట ఒకరు విని...

ఇలాంటి చిక్కుముడిని విప్పడానికి సాఫ్ట్‌వేర్లకు రెండు దారులున్నాయి. ఒకటి, అన్ని సమీకరణాలనూ ఒకే గంపలో వేసి ఒక్కసారే సాధించడం. కచ్చితమైనదే గానీ కంప్యూటర్‌కి తలకు మించిన పని. రెండోది, వంతులవారీగా లెక్కించడం. కరెంటు లెక్క చూసే భాగం ‘ఇంత వేడి పుట్టింది’ అని పక్కవాడికి చెబుతుంది. అతను ఉష్ణోగ్రత తేల్చి తిరిగి పంపుతాడు. దాన్నిబట్టి ఇతను మళ్లీ లెక్క వేస్తాడు. అంకెలు మారడం ఆగేదాకా ఈ సంప్రదింపులు సాగుతూనే ఉంటాయి. 1998లో స్వీడన్‌ నుంచి వచ్చి తర్వాత ‘కామ్సోల్‌’గా పేరు మార్చుకున్న సాఫ్ట్‌వేర్‌ ఇలా కలిపి చూడటానికే పుట్టింది.

ఇందులో మరో తిరకాసు కాలం. కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. నూనె వేడెక్కడానికి గంటలు పడుతుంది. రెండిటినీ ఒకే గడియారంతో కొలిస్తే లెక్క ఎప్పటికీ తెమలదు. అందుకే కరెంటు సగటు తీసుకుని, వేడిని నిమిషాల లెక్కన చూస్తారు. దేన్ని లోతుగా చూడాలి, దేన్ని సగటుతో సరిపెట్టాలి అనేది నిర్ణయించేది మాత్రం ఇంజినీరే.

ఆ నిర్ణయం తప్పితే మూల్యం డబ్బుతో పోకపోవచ్చు. 2003 జనవరిలో కొలంబియా షటిల్‌ నింగికెగురుతున్నప్పుడు ఊడిన నురగముక్క ఒకటి రెక్కకు తగిలింది. దెబ్బ ఎంతో తేల్చడానికి వాడిన లెక్క చిన్నచిన్న ముక్కలతో చేసిన ప్రయోగాల నుంచి పుట్టింది. తగిలింది వాటికన్నా వందల రెట్లు పెద్దది. దెబ్బ లోతుగానే తగిలి ఉండొచ్చని లెక్క హెచ్చరించినా, ‘అదెప్పుడూ ఎక్కువే చూపిస్తుంది’ అని తేలిగ్గా తీసుకున్నారు. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా సహా ఏడుగురు వ్యోమగాములు తిరిగిరాలేదు. ఆ జులైలో అలాంటి నురగముక్కనే అసలు రెక్క భాగం మీదికి పేల్చి చూస్తే పెద్ద రంధ్రమే పడింది.

మనవాళ్లూ ముందే!

ఈ రంగంలో తెలుగువాళ్ల ముద్ర గట్టిదే. వరంగల్‌లో పుట్టి ఉస్మానియాలో ఇంజినీరింగ్‌ చదివిన జె.ఎన్‌.రెడ్డి 1984లో రాసిన ఫైనైట్‌ ఎలిమెంట్‌ పుస్తకం ఎన్నో దేశాల్లో పాఠ్యగ్రంథం. టెక్సస్‌ ఎ అండ్‌ ఎం యూనివర్సిటీ ఆచార్యుడైన ఆయన్ని 2019లో ప్రతిష్ఠాత్మక తిమోషెంకో పతకం వరించింది. గుడివాడలో పుట్టిన సత్య అట్లూరి కంప్యుటేషనల్‌ మెకానిక్స్‌లో చేసిన కృషికి 2013లో పద్మభూషణ్‌ అందుకున్నారు. ఇస్రో కూడా రాకెట్ల కోసం ‘ఫీస్ట్‌’ అనే సొంత సాఫ్ట్‌వేర్‌ను తిరువనంతపురంలో తయారుచేసుకుంది. దాని కొత్త వెర్షన్‌ను 2022లో ఐఐటీ హైదరాబాద్‌లోనే విడుదల చేశారు. గాలి ప్రవాహాల కోసం రూపొందించిన ‘ప్రవాహ’ను గగన్‌యాన్‌ లెక్కల్లో వాడారు.

ఇంతకీ స్లైప్‌నర్‌ ఏమైంది? ఆలస్యమైన ప్రతిరోజూ దాదాపు 10 లక్షల డాలర్ల ఆదాయం పోతోంది. కంప్యూటర్‌ లెక్కల మీద నమ్మకం పోయింది. దాంతో ఇంజినీర్లు పాతకాలం పద్ధతిలో, చేత్తో లెక్కలు వేసి కొత్త పునాది డిజైన్‌ మొదలుపెట్టారు. కంప్యూటర్‌ నుంచి కొత్త ఫలితాలు అందేసరికి డిజైన్‌ మొత్తం పూర్తయింది, కట్టడం చాలావరకు లేచింది. 1993 ఏప్రిల్‌ 29న వేదికను దానిమీద అమర్చారు. ఈసారి గోడలు నిలబడ్డాయి.

అలాగని సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ పక్కన పెట్టలేదు. పెట్టలేరు కూడా. కాకపోతే ఆ తర్వాత అనుభవజ్ఞులు కుర్ర ఇంజినీర్లకు ఒక మాట మరీమరీ చెబుతుంటారు... తెరమీద రంగురంగుల బొమ్మ ఎంత ముచ్చటగా కనిపించినా, ముక్కల్ని ఇంకాస్త చిన్నవి చేసి మళ్లీ చూడు. పక్కన కాగితం మీద ఓ చిన్న లెక్క వేసుకో. రెండూ కుదిరాకే సంతకం పెట్టు!