ఇంటి లెక్కే కంప్యూటర్ పాఠం

ప్రొద్దుటూరు బంగారం బిల్లు, పులివెందుల చీనీ తోట ఖర్చు, జమ్మలమడుగు గండికోట.. ఈ మూడూ చాలు, ఆఫీస్ సాఫ్ట్‌వేర్ మీద పట్టు రావడానికి!

చేతిలో డిగ్రీ ఉంది. బయోడేటాలో ‘ఎంఎస్ ఆఫీస్ వచ్చు’ అని ఒక ముక్క రాశారు. ఇంటర్వ్యూలో యజమాని ల్యాప్‌టాప్ మీ ముందుకు జరిపి ‘ఈ వంద బిల్లులకు జీఎస్టీ వేసి నెలవారీ మొత్తం తీసివ్వు బాబూ’ అంటే? చాలామంది అక్కడే తడబడతారు. మెనూల పేర్లన్నీ నోటికి వచ్చు, పని మాత్రం చేతికి రాదు.

సర్కారు కొలువుల దారిలోనూ ఇదే గండం ఉంది. ఏపీపీఎస్సీ గ్రూప్-2లో మెయిన్స్ గట్టెక్కినవారు కంప్యూటర్ ప్రావీణ్య పరీక్ష (సీపీటీ) రాయాలి. ఉత్తరం టైపు చేయడం, ఎక్సెల్‌లో పట్టిక, గ్రాఫ్ గీయడం, పవర్‌పాయింట్ స్లైడ్లు, ఈ-మెయిల్.. ఇలా అంతా చేసి చూపించే పనే. అందులో అర్హత సాధించకపోతే మూడేళ్లు పాలిటీ, చరిత్ర చదివిన కష్టం కూడా అక్కడే ఆగిపోతుంది. దీనికోసం ఊరు విడిచి కోచింగ్‌కు వెళ్లాలా? అక్కర్లేదు. ఇంట్లో మూలన పడి ఉన్న కంప్యూటర్ చాలు. నెల రోజులు అలాంటి పాత డెస్క్‌టాప్ మీద మన జిల్లా లెక్కలే వేసి చూశాక తేలిన సంగతులు ఇవి.

ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి?

డబ్బు పెట్టి కొనే స్తోమత లేదని దొంగ కాపీల జోలికి పోవద్దు. వాటితో పాటు వైరస్ కూడా ఇంట్లోకి వస్తుంది. ఉచితంగా మూడు దారులున్నాయి.

మొదటిది లిబ్రే ఆఫీస్. 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి విడివడి పుట్టింది. ఇందులో వర్డ్‌కు బదులు రైటర్, ఎక్సెల్‌కు బదులు కాల్క్, పవర్‌పాయింట్‌కు బదులు ఇంప్రెస్ ఉంటాయి. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. రెండోది గూగుల్ డాక్స్, షీట్స్. మూడోది బ్రౌజర్‌లోనే తెరుచుకునే మైక్రోసాఫ్ట్ వర్డ్, ఎక్సెల్. ఈ రెండింటికీ ఖాతా ఉంటే చాలు, కాకపోతే నెట్ ఉండాలి.

పాత కంప్యూటర్, అంతంతమాత్రం నెట్ ఉన్న ఇంటికి లిబ్రే ఆఫీస్ బాగా నప్పుతుంది. అయితే సీపీటీ రాసేవారు చివరి రెండు వారాలు మాత్రం అసలు ఎంఎస్ ఆఫీస్ ఉన్న కంప్యూటర్ మీదే సాధన చేయాలి. పని తీరు ఒకటే అయినా బటన్లు ఉండే చోటు వేరు. పరీక్ష గదిలో వెతుక్కుంటూ కూర్చుంటే సమయం కరిగిపోతుంది.

మొదటి రోజే చేయాల్సిన రెండు మార్పులు

విండోస్ సెట్టింగ్స్‌లో ‘రీజియన్’ దగ్గరికి వెళ్లి ఇంగ్లిష్ (ఇండియా) ఎంచుకోండి. లేకపోతే పదిహేను లక్షలు ‘1,500,000’ అని కనిపిస్తుంది. మార్చాక మనకు అలవాటైన ‘15,00,000’ వస్తుంది. అంతకన్నా ముఖ్యం తేదీ. అమెరికా పద్ధతిలో ఉన్న కంప్యూటర్ 03/04ను మార్చి 4 అనుకుంటుంది. మీరు రాసింది ఏప్రిల్ 3. ఒక్క సెట్టింగ్‌తో రెండు తలనొప్పులూ పోతాయి.

రెండోది కరెంటు సంగతి. యూపీఎస్ లేని ఇళ్లే ఎక్కువ. వర్డ్‌లో గానీ రైటర్‌లో గానీ దానంతటదే దాచుకునే వ్యవధి మామూలుగా 10 నిమిషాలు ఉంటుంది. దాన్ని 2 నిమిషాలకు తగ్గించండి. దాంతోపాటు పేరా పూర్తయిన ప్రతిసారీ కంట్రోల్, ఎస్ నొక్కడం చేతికి అలవాటు చేయండి.

ప్రొద్దుటూరు పాఠం: బంగారం బిల్లు

స్ప్రెడ్‌షీట్ అంటే మన కొట్లో చిట్టా పుస్తకమే. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు విజీకాల్క్ పేరుతో దాన్ని కంప్యూటర్ తెర మీదికి తెచ్చారు. అందులో గొప్పతనం ఒక్కటే. ఒక అంకె మారిస్తే దానిమీద ఆధారపడ్డ లెక్కలన్నీ వాటంతట అవే మారతాయి.

బంగారం అంగళ్లకు పేరున్న ప్రొద్దుటూరులో దీన్ని నేర్చుకోవడానికి బిల్లు కన్నా మంచి పుస్తకం లేదు. 8 గ్రాముల గొలుసు తీసుకుందాం. లెక్క సులువు కోసం గ్రాము రూ.10 వేలు అనుకోండి. ధర రూ.80,000. తరుగు 10 శాతం, అంటే రూ.8,000. మజూరీ రూ.2,000. మొత్తం రూ.90,000. దానిమీద 3 శాతం జీఎస్టీ రూ.2,700. కట్టాల్సింది రూ.92,700. వీటిలో తూకం, ధర, తరుగు శాతం, మజూరీ మాత్రమే మీరు టైపు చేయాలి. మిగతావన్నీ ఫార్ములాలే చెప్పాలి.

ఇప్పుడు గొలుసు కింద గాజులు, కమ్మలు, ఉంగరం చేర్చండి. ఫార్ములాను కిందికి లాగితే రెండో వరుస నుంచి సున్నాలు వస్తాయి. ఎందుకంటే గ్రాము ధర ఉన్న గడిని కూడా కంప్యూటర్ కిందికి జరుపుకుంటూ పోతుంది. ఫార్ములాలో ఆ గడి పేరు దగ్గర ఎఫ్4 నొక్కితే డాలర్ గుర్తులు పడి అది అక్కడే స్థిరంగా నిలుస్తుంది. ఇక రేపు ధర మారితే ఒక్క గడి మారిస్తే చాలు, పట్టికంతా సరిపోతుంది. ఇంటర్వ్యూల్లో మిమ్మల్ని వేరుగా నిలబెట్టే విద్య ఇదే.

ఇంకో చిన్న మెలిక. 10.004 అనే అంకెను రెండు దశాంశాలకు కుదిస్తే 10.00గా కనిపిస్తుంది. అలాంటివి మూడు కూడితే 30.01 వస్తుంది! కంప్యూటర్ తప్పు చేయలేదు. కనిపించేది ఒకటి, లోపల దాచుకున్నది ఇంకొకటి. బిల్లు రాసేచోట రౌండ్ ఫార్ములా వాడితే ఈ పైసల పేచీ ఉండదు.

పులివెందుల పాఠం: చీనీ తోట ఖాతా

మీ ఇంట్లో చీనీ తోటో, అరటి తోటో ఉంటే నాన్న పాకెట్ డైరీ అడిగి తీసుకోండి. తేదీ, ఖర్చు రకం, వివరం, మొత్తం.. నాలుగు నిలువు వరుసలు చాలు. ఏడాది లెక్క ఎక్కించాక ‘సమ్ ఇఫ్’ ఫార్ములాతో ఎరువులకు ఎంత, కూలీలకు ఎంత, మందులకు ఎంత అని విడదీయండి.

ఇక్కడ చాలామందికి మొత్తాలు కలవవు. వెతికితే కారణం అక్షరాల్లో దొరుకుతుంది. ఒకచోట ‘కూలి’, ఇంకోచోట ‘కూలీ’ అని ఉంటుంది. మనకు రెండూ ఒకటే, కంప్యూటర్‌కు కాదు. చివర ఒక ఖాళీ ఎక్కువ పడినా వేరే మాటే. అందుకే ‘డేటా వాలిడేషన్’తో ఆ గడిలో ఒక జాబితా పెట్టండి. టైపు చేసే పని లేకుండా ఎంచుకోవడమే. దీని తర్వాత పివట్ టేబుల్, గ్రాఫ్ నేర్చుకోవడం చాలా తేలిక.

అమ్మకాల కోసం ఇంకో షీట్ తెరిచి టన్నులు, టన్ను ధర, తూకంలో తరుగు, కమీషన్, హమాలీ రాయండి. చేతికొచ్చిన సొమ్ములోంచి ఖర్చు తీసేసి చూపిస్తే ఆ అంకె ముందు ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. డైరీలో అన్నీ ఉన్నా, ఎకరాకు ఎంత మిగిలిందన్నది ఆ పట్టికతోనే కళ్లకు కడుతుంది.

జమ్మలమడుగు పాఠం: ఉత్తరం, స్లైడ్లు

జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని గండికోట మీద రెండే రెండు స్లైడ్లు చేయండి. మొదటిదాంట్లో శీర్షిక, నాలుగు అంశాలు: పెన్నా లోయ, కోట, మాధవరాయస్వామి ఆలయం, జామా మసీదు. రెండోదాంట్లో మీరు తీసిన ఒక ఫొటో, దాని కింద ఒక్క వాక్యం. ఎగిరి దూకే అక్షరాలు, రంగురంగుల నేపథ్యాలు వద్దు. గది చివర కూర్చున్నవారికి కనిపించాలి, అంతే.

తర్వాత వీధి దీపాలు వెలగడం లేదని అధికారికి 150 పదాల్లో ఉత్తరం రాయండి. తేదీని కుడివైపుకు జరపడానికి స్పేస్ బార్ పదేపదే కొట్టొద్దు, అలైన్‌మెంట్ బటన్ వాడండి. అదే ఉత్తరాన్ని జతచేసి స్నేహితుడికి మెయిల్ పంపండి. సబ్జెక్ట్ ఖాళీగా వదలొద్దు.

తెలుగులోనూ రాసి చూడండి. డీటీపీ అంగళ్లలో వాడే పాత అను ఫాంట్లతో చేసిన ఫైలు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. యూనికోడ్‌లో రాస్తే ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది, వెతికితే దొరుకుతుంది. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది. కొత్త వెర్షన్లలో ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ పద్ధతీ ఉంది. మండలి, రామభద్ర, పెద్దన వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి.

నాలుగు వారాల ప్రణాళిక

మొదటి వారం: రోజూ అరగంట టైపింగ్, ఒక ఉత్తరం.

రెండో వారం: బంగారం బిల్లు. చూడకుండా మళ్లీ మొదటి నుంచి కట్టగలిగే దాకా.

మూడో వారం: తోట ఖాతా, గ్రాఫ్, రెండు స్లైడ్లు.

నాలుగో వారం: గడియారం పెట్టుకుని ఉత్తరం, పట్టిక, స్లైడ్లు, మెయిల్ ఒకే దెబ్బకు. సీపీటీ రాసేవారు తమ నోటిఫికేషన్‌లో ఇచ్చిన సిలబస్, సమయం ప్రకారం చేయాలి.

ఈ ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో దాచి, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టుకోండి. ఇంటర్వ్యూలో ‘ఎక్సెల్ వచ్చా?’ అని అడిగితే ‘వచ్చు సార్’ అని ఊరుకోకుండా, ‘మా తోట లెక్క నేనే చేశాను, చూపించమంటారా?’ అనండి. ఆ తర్వాత ప్రశ్నలు మీకు తెలిసిన చోటి నుంచే వస్తాయి.