చవకలో గిటారు పెడల్ బోర్డు

మన కాలేజీలో గిటారు వాయించే మిత్రులు ఇప్పుడు తక్కువేం లేరు. గదిలో కూర్చుని వాయిస్తుంటే ఆగి వినాలనిపిస్తుంది. అదే గిటారు కాలేజీ డే నాడు స్టేజి ఎక్కి, అద్దె సౌండ్ సిస్టమ్‌కు తగిలిందంటే చాలు, కందిరీగల తుట్టె కదిలించినట్టు రొద! “ఖరీదైన సామాను లేదు, ఇంతేలే” అని సరిపెట్టుకుంటాం. షోరూములో పేరున్న పెడల్ ఒక్కటే ఆరేడు వేలు. వ్యవసాయం ఇంటి నుంచి వచ్చినవాణ్ణి కనుక నాకు ఏ ధరయినా ఎరువు బస్తాల్లోనే లెక్కకొస్తుంది: నాలుగైదు బస్తాల డి.ఏ.పి.! అయితే ఆ రొదకు అసలు కారణం మన ఫిజిక్స్ పుస్తకంలోనే ఉంది. అది తెలిస్తే నాలుగు వేల లోపు బోర్డు తయారవుతుంది. నేను చేసుకున్న తీరు చెబుతాను.

ఇంతకీ పెడల్ అంటే ఏమిటి? గిటారుకీ యాంప్లిఫయరుకీ నడుమ ఉండి, కాలితో నొక్కితే ధ్వని స్వభావాన్ని మార్చే చిన్న డబ్బా. దీని పుట్టుక కూడా తమాషాగానే జరిగింది. 1961లో విడుదలయిన మార్టీ రాబిన్స్ పాట ఒకదానిలో, రికార్డింగు స్టూడియోలో పరికరం చెడి గిటారు బరబరమంది. ఆ చెడిన ధ్వనే జనానికి నచ్చింది. 1962లో దాన్ని కావాలని పుట్టించే ‘మేస్ట్రో ఫజ్‌టోన్’ అనే పెడల్ అమెరికాలో బజారుకొచ్చింది. అలాంటి పెడల్స్ కొన్నిటిని ఒక పలక మీద వరసగా బిగిస్తే అదే పెడల్ బోర్డు.

ఇక సామాను సంగతి. నేనుండే గది పాతబస్తీలో, శాలిబండలో. అక్కణ్ణుంచి చార్మినార్, మదీనా, నయాపూల్, అఫ్జల్‌గంజ్ మీదుగా నడిస్తే గంటలో కోఠీ గుజరాతీ గల్లీ వస్తుంది. రెసిస్టర్లు, కెపాసిటర్లు, చిప్‌లు, కాలిస్విచ్చులు అన్నీ అక్కడే. డబ్బాకు బేగంబజారులో మందం గల అల్యూమినియం టిఫిన్ డబ్బా తీసుకున్నాను. నవ్వకండి! సర్క్యూట్ గ్రౌండుకు కలిపిన లోహపు డబ్బా బయటి కరెంటు రొదను లోపలికి రానివ్వదు. ప్లాస్టిక్ డబ్బా ఆ పని చెయ్యలేదు. పలకేమో పాత మంచం చెక్క. పెడల్స్ కదలకుండా వెల్‌క్రో పట్టీ దర్జీ సామాన్ల దుకాణంలో మీటరు లెక్కన దొరుకుతుంది.

మొదట తెలియాల్సింది గిటారు పికప్ సంగతి. అయస్కాంతాల చుట్టూ కొన్ని వేల చుట్లు సన్నని రాగితీగ. తీగ కంపిస్తే వోల్టులో చిన్న భాగమంత విద్యుత్తు పుడుతుంది. అది బలహీనమైన ఊట. తక్కువ ఊట ఉన్న బావికి అయిదు హార్స్‌పవర్ మోటారు బిగిస్తే ఏమవుతుంది? నీళ్ళు అడుక్కి పోతాయి. పికప్ కూడా అంతే. గిటారు యాంప్లిఫయర్ లోపలి నిరోధం సుమారు పది లక్షల ఓమ్‌లు, అంటే అది చాలా కొద్దిగా తోడుతుంది. సౌండ్ సిస్టమ్ మిక్సరులో లైన్ ఇన్‌పుట్‌ది సుమారు పది వేలు, మైక్ ఇన్‌పుట్‌ది రెండు వేల ప్రాంతం. గిటారును తిన్నగా అక్కడ గుచ్చితే ధ్వని నీరసిస్తుంది, పై స్వరాల మెరుపు పోతుంది. పొడుగు కేబుల్ దాన్ని ఇంకొంత తినేస్తుంది. అందుకే నా మొదటి డబ్బాలో ఎప్పుడూ పనిచేసే బఫర్ పెట్టాను. గిటారు దగ్గర కొంచెమే తీసుకుని, ముందుకు గట్టిగా నెడుతుంది. ఇరవై రూపాయల టీఎల్072 చిప్‌లో సగం చాలు.

అదే డబ్బాలో రెండో సగం ఓవర్‌డ్రైవ్. ఆప్‌ఆంప్‌కు ఎదురుబొదురుగా రెండు 1ఎన్4148 డయోడ్లు. మన ల్యాబులో గీసిన గ్రాఫు గుర్తుందిగదా, సిలికాన్ డయోడు 0.6 వోల్టుల ప్రాంతంలో తెరుచుకుంటుంది. తరంగం ఆ హద్దు దాటితే తల తెగుతుంది. ఆ తెగిన అంచుల్లో పుట్టే హార్మోనిక్స్‌నే మనం రాక్ సంగీతపు గరుకుదనం అంటాం. దాని తర్వాత ఎకో. కరోకే ఎకో బోర్డుల్లో ఉండే పీటీ2399 చిప్‌తో అది తయారవుతుంది. వరస ముఖ్యం: ముందు ఓవర్‌డ్రైవ్, తర్వాతే ఎకో. తిరగేస్తే ప్రతి ప్రతిధ్వనీ నలిగి ముద్దవుతుంది.

ఆఖరి డబ్బా అన్నిటికన్నా ముఖ్యం. గిటారు యాంప్లిఫయరు స్పీకరు దాదాపు 5 కిలోహెర్ట్జ్ దాటాక పలకదు. అది లోపం కాదు, సగం అందం అదే. సౌండ్ సిస్టమ్ పెట్టెలు 15 కిలోహెర్ట్జ్ దాకా అన్నీ పలికేస్తాయి. కందిరీగల రొద పుట్టేది అక్కడే! అందుకని ఈ డబ్బాలో రెండు దారులు పెట్టాను. ఒకటి ఉన్నదున్నట్టు యాంప్లిఫయరుకు. రెండోది ఫిల్టర్ గుండా సౌండ్ సిస్టమ్‌కు. ఫిల్టర్‌కు మరో టీఎల్072, నాలుగు 10 కిలోఓమ్ రెసిస్టర్లు, నాలుగు 2.2 నానోఫారడ్ కెపాసిటర్లు. రెండు సాలెన్-కీ మెట్లుగా కడితే 10 కిలోహెర్ట్జ్ దగ్గర వోల్టేజీ దాదాపు ఎనిమిదో వంతుకు దిగుతుంది. అక్కణ్ణుంచి డి.ఐ. బాక్సు. అందులోని చిన్న ట్రాన్స్‌ఫార్మరు ధ్వనిని రెండు వ్యతిరేక తీగల మీద మిక్సరుకు పంపుతుంది. దారిలో రెండు తీగలకూ ఒకేలా అంటిన రొద మిక్సరు దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఇదొక్కటీ రెడీమేడ్ కొన్నాను.

పవర్‌కు 9 వోల్టుల అడాప్టరు. పెడల్స్‌లో ఎక్కువభాగం మధ్య పిన్ను మైనస్, బజారు అడాప్టర్లలో చాలావాటికి మధ్య పిన్ను ప్లస్. మల్టీమీటరుతో చూడందే గుచ్చకండి.

నాకయిన ఖర్చు: ఓవర్‌డ్రైవ్ 600, ఎకో 700, ఫిల్టర్ డబ్బా 500, డి.ఐ. బాక్సు 1100, అడాప్టరు 300, చిన్న కేబుళ్ళు 400, వెల్‌క్రో, మేకులు వగైరా 200. మొత్తం 3800 రూపాయలు.

ఇక్కడితో ఆపేద్దును గాని, ప్రాణానికి సంబంధించిన మాట ఒకటుంది. యాంప్లిఫయరుకూ మిక్సరుకూ ఒకేసారి కలిపినప్పుడు “హుమ్” అని రొద రావచ్చు. దాన్ని ఆపడానికి త్రీపిన్ ప్లగ్గులో పెద్ద పిన్ను, అంటే ఎర్తు, పీకేసేవాళ్ళను నేను కళ్ళారా చూశాను. రొద ఆగుతుంది, నిజమే. కాని ఆ తర్వాత యాంప్లిఫయరులో ఫేజు వైరు బాడీకి తగిలితే అది కేబుల్ వెంట గిటారు తీగల్లోకే వస్తుంది. చెయ్యి తీగ మీద, పెదవి మైకు మీద. సర్క్యూట్ పూర్తి! 1972 మే నెలలో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్లీ హార్వే అనే గిటారిస్టు స్టేజి మీద, ఎర్తు లేని మైకు ముట్టుకుని చనిపోయాడు. పల్లెటూరి వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. మోటారు స్టార్టరు దగ్గర కరెంటుకు పోయిన మనిషి కథ లేని ఊరుండదు. మా బావి దగ్గర నాయన ఎర్తు గుంటలో ఉప్పు, బొగ్గు వేయించి, ఎండాకాలమంతా నీళ్ళు పోయిస్తాడు. స్టేజికి మాత్రం ఆపాటి జాగ్రత్త వద్దా? రొదను ఆపేందుకు డి.ఐ. బాక్సు మీదే ‘గ్రౌండ్ లిఫ్ట్’ స్విచ్చుంది. అది ధ్వని కేబుల్ గ్రౌండునే విడదీస్తుంది, కరెంటు ఎర్తును ముట్టుకోదు. స్టేజి కరెంటుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా ఉందో లేదో అడిగి చూసుకోండి.

విద్యార్థి సంఘం మిత్రులకు ఒక మనవి. సంగీత బృందానికి ఉమ్మడి ఆస్తిగా ఇలాంటి బోర్డు ఒకటి చేయిద్దాం. సోల్డరింగు నేను చేసిపెడతాను. సర్క్యూట్ కావలసినవాళ్ళు ఎలక్ట్రానిక్స్ ల్యాబులో నన్నడగండి, కాగితం మీద గీసిస్తాను. సొంత పెడల్ కొనలేని జూనియరు కూడా వచ్చే ఏడు ధైర్యంగా స్టేజి ఎక్కాలి, క్షేమంగా దిగాలి.