యాప్ తప్పు చెప్పిన పిట్ట

మా రూమ్ కృష్ణానగర్‌లో, మూడో అంతస్తు. జూనియర్ ఆర్టిస్టుల కోసం తెల్లారకముందే షూటింగ్ వ్యాన్లు వచ్చి హారన్ కొడతాయి, కాబట్టి అలారంతో పనిలేదు. ఫిబ్రవరిలో ఒకరోజు అలా లేచి బాల్కనీలోకి వస్తే, వాడని కేబుల్ వైరుకి ఏదో చెత్త వేలాడుతోంది. తీసేద్దామని చెయ్యి చాపాను. అందులోంచి అరచేతిలో సగం కూడా లేని పిట్ట ఒకటి తుర్రుమంది.

పొట్ట పసుపు, కంటి మీద లేత గీత, కొడవలిలా వంగిన ముక్కు. ఎదురు వైరు మీద వాలినప్పుడు ఫొటో తీసి పక్షుల యాప్‌లో పెడితే 'బనానాక్విట్' అంది. వెతికి చదివాను. అది కరీబియన్ దీవుల్లో, దక్షిణ అమెరికాలో ఉండే పిట్ట, టానేజర్ల కుటుంబం. ఆ కుటుంబంలో దాదాపు 380 జాతులున్నాయి, దాదాపు అన్నిటికీ పుట్టిల్లు అమెరికా ఖండాలు, ఆ చుట్టుపక్కల దీవులే. హీరోయిన్లు ముంబై నుంచి వస్తున్నారు కదా, పిట్ట రాకూడదా అనుకున్నా.

తీరా చూస్తే నా ఫోన్‌లో లొకేషన్ ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసి అడిగితే జవాబు మారింది: ఊదారంగు తేనెపిట్ట, ఆడది. అమ్మకి ఫొటో పంపితే లొకేషన్ అవసరమే పడలేదు. "తేనెపిట్ట రా, మన మందార చెట్టు మీద రోజూ వాలేదేగా" అంది. ఇంగ్లిష్ మీడియం పుణ్యమా అని ఆ పేరు నాకు అందరికంటే ఆఖర్న తెలిసింది.

అయినా యాప్‌ని తిట్టలేను. తేనెపిట్టలకీ టానేజర్లకీ దగ్గర చుట్టరికం లేదు, కానీ ఈ రెండు పిట్టలకీ పని ఒక్కటే. పువ్వు అడుగున ఉన్న తేనె అందాలంటే సన్నగా వంగిన ముక్కు కావాలి. ఒకే ప్రాబ్లమ్ ఇస్తే, ఒకరి కోడ్ ఒకరు చూడకుండానే ఇద్దరు ఒకేలా రాసినట్టు. (మా ల్యాబ్‌లో అయితే అది కచ్చితంగా కాపీయే.) ఇద్దరి షార్ట్‌కట్ కూడా ఒకటే: పువ్వు గొట్టం మరీ పొడుగైతే అడుగున చిల్లు పెట్టి తాగేస్తాయి. పుప్పొడి అంటదు, పువ్వుకి దక్కేదేమీ లేదు. బనానాక్విట్ అయితే పంచదార గిన్నెల దగ్గరికీ వచ్చేస్తుంది.

రూపాన్ని నమ్మి శాస్త్రవేత్తలే బోల్తా పడ్డారు. గలపాగోస్ దీవుల్లో గింజలు కొరికే డార్విన్ ఫించ్‌లు పిచ్చుకల్లా కనిపిస్తాయి, డీఎన్‌ఏ చూస్తే అవీ టానేజర్లే.

ఇక నేను చెత్త అనుకున్నది గూడు. ఎండుగడ్డి, బెరడు ముక్కలు, వాటిని కలిపి పట్టుకునే సాలెగూడు దారాలు. పక్కన ద్వారం, దాని పైన బుల్లి చూరు. కట్టేది ఆడదే. ముదురు నీలంగా మెరిసే మగది ఎదురుగా కూర్చుని పాడుతుంది. మామూలుగా రెండు గుడ్లు. పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు. పిల్లలకి పెట్టేది ఎక్కువగా పురుగులు, సాలీళ్లు.

సరిగ్గా అప్పుడే ఓనర్ అంకుల్ ఉగాదికి రంగులేయించడం మొదలుపెట్టారు. పాత వైర్లన్నీ పీకేస్తారట. "ఒక్క నెల ఆగండి అంకుల్" అన్నాను.

"నెలనా? ఆ పిట్టేమన్న కిరాయి కడ్తదా?"

గూడు చూపించాను. ఏమీ మాట్లాడకుండా కిందకి దిగిపోయారు. బిల్డింగంతా ఇప్పుడు తెల్లగా ఉంది, మా బాల్కనీ గోడ మాత్రం పాత గులాబీ రంగులోనే ఉంది. మేం బట్టలు టెర్రస్ మీద ఆరేసుకుంటున్నాం. నిన్న ఆ ద్వారంలో రెండు చిన్న ముక్కులు కనిపించాయి.